వార్నర్ మనోడే... కానీ!

ఏన్కూరు సెంటర్‌లో చాయ్ తాగేటోళ్ల ముందు డేవిడ్ వార్నర్ పేరెత్తండి, రెండు పార్టీలు తయార్. "పోతే పోయిండు, 2021లో ఫామ్ ఏది?" అంటుంది ఒకటి. "2016లో కప్పు తెచ్చింది మీ మామనా?" అంటుంది రెండోది. ఆ ఏడాది 848 పరుగులు కొట్టి సన్‌రైజర్స్‌కు తొలి ఐపీఎల్ కప్పు తెచ్చిన కెప్టెన్ అతను. అతన్నే 2021 సీజన్ మధ్యలో దించేశారు, ఆడకుండా కూర్చోబెట్టారు, చివరికి వదిలేశారు. జట్టు పైకి లేచిందా? ఆ సీజన్‌లో ఆఖరి స్థానం!

అసలు తమాషా 2022 మే 5న. ఢిల్లీ తరఫున మన సన్‌రైజర్స్ మీదే 92 నాటౌట్ బాదాడు. 21 పరుగులతో ఓడాం. అతని ఫోర్ పోతే మన సెంటర్‌లో చప్పట్లు, వెంటనే చేతులు జేబులోకి, పక్కోడు చూశాడేమోనని! మిర్చి ధర పడిపోయినా వీళ్లు ఇంతగా కొట్లాడుకోరు (కొట్లాడితే బాగుండేది, అది వేరే సంగతి).

ఈ మధ్య రెండు పార్టీలూ ఒక రాజీకొచ్చాయి: బ్యాటింగ్ సంగతి వదిలేద్దాం, 'బుట్టబొమ్మ' పాటకు అతనేసిన స్టెప్పు మాత్రం మనదే. 2025లో 'రాబిన్‌హుడ్' సినిమాతో తెరమీదికీ వచ్చేశాడు. ఫ్రాంచైజీ వద్దన్నోడిని టాలీవుడ్ రిటైన్ చేసుకుంది మరి!