మల్లె పూసిన చేను

ఉదయగిరి కొండ కనబడే మెట్టలో మాకు నాలుగెకరాల చేనుంది. దాన్ని చేతులారా పాడుచేసుకున్నవాణ్ణి నేను. ఈ మాట ఇంట్లోవాళ్ల ముందు ఒప్పుకోవడానికే నాకు ఏళ్లు పట్టింది.

నాయన ఉన్నన్నాళ్లు ఆ చేను ఏ రెండేళ్లూ ఒకేలా ఉండేది కాదు. తొలకరికి పదునైతే నువ్వులో పెసలో చల్లేవాడు. ఒక ఏడు సజ్జ సాళ్ల మధ్య కంది వేసేవాడు. పొగాకు వేసిన చేలో మరుసటి ఏడు పొగాకు వేసేవాడు కాదు. ఎందుకంటే, "నేల మార్పు కోరుద్దిరా" అనేవాడు. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

సేద్యం నా చేతికొచ్చిన ఏడు డీసీపల్లి వేలంలో పొగాకుకు మంచి ధర వచ్చింది. ఆ డబ్బు చూశాక నువ్వులు, పెసలు నా కంటికి ఆనలేదు. మా జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. పొగాకు నారు నాటేది ఆ వానకే. అందాకా చేను దున్ని ఖాళీగా వదిలేస్తే నేల సేదదీరుతుందనుకున్నాను. వరసగా ఐదేళ్లు అదే చేలో పొగాకే వేశాను.

మూడో ఏడు సంక్రాంతి ముందు మొక్కల మొదళ్ల దగ్గర పొగాకు మల్లె లేచింది. దానికి ఆకు ఉండదు, పచ్చదనం ఉండదు. పాలిపోయిన కాడ, దాని నిండా తెలుపు, లేత ఊదా కలిసిన పూలు. పట్టి లాగితే కాడ తెగి చేతికొచ్చింది. పొగాకు వేరును కరుచుకున్న మొదలు నేలలోనే ఉండిపోయింది. పీకినవన్నీ గట్టు మీద పడేశాను. అవి అక్కడే ఎండి, కాయలు పగిలి, గింజలు గాలికి చేనంతా పరుచుకున్నాయి. ఒక్క మల్లె మొక్కకు వేలకు వేలు గింజలు, దుమ్ములాంటివి. పదేళ్లు దాటినా అవి నేలలో బతికే ఉంటాయి. ఐదో ఏడు సగం చేను మోకాలెత్తు కూడా ఎదగలేదు. బ్యారన్‌లో కాల్చిన ఆకు తూకానికి రాలేదు.

ఆత్మకూరు దగ్గర సోమశిల నీళ్లతో వరి పండించే మా బావ అప్పటికే చెప్పాడు: "నీళ్లుండే మేమే వరి కోసినాక మినుమో పెసరో వేసుకుంటాం. వానను నమ్ముకున్నోడివి, నీకెందుకు బామ్మర్దీ ఈ మొండితనం?" కాలవ కింది రైతుకు మెట్ట కష్టం ఏం తెలుసని ఆ మాట తోసేశాను.

పొగాకు మీద పరిశోధన చేసేవాళ్లు విడమరిచి చెప్పాక గానీ నాయన మాట నాకు అర్థం కాలేదు. మల్లె గింజ ఊరికే మొలవదు. దగ్గర్లో వేరు నుంచి ఊరే రసం తగలాలి. నువ్వు, జొన్న, పెసర, మినుము వేర్లు దాన్ని మొలిపిస్తాయి గానీ అంటుకోనివ్వవు. మొలిచింది తిండి దొరక్క చచ్చిపోతుంది. నాయన తొలకరికి చల్లిన నువ్వులు నేల లోపల చేసిన పని అది. నేను సేదదీరుతుందని ఖాళీగా ఉంచిన ఆ నెలల్లో మల్లె గింజలు చెక్కుచెదరకుండా పొగాకు కోసం కాచుకున్నాయి.

ఇప్పుడు ఏటా తొలకరికి నువ్వులు చల్లుతున్నాను. సజ్జ, కంది మళ్లీ చేలోకి వచ్చాయి. పొగాకు మాత్రం చేను మార్చి వేస్తున్నాను. మల్లె తగ్గింది, పోలేదు.

మీ చేలో ఒక్క మల్లె కనబడినా పూతకు రాకముందే పీకి కాల్చేయండి, గట్టు మీద మాత్రం వేయకండి. మీ పెద్దలు ఏ పంట తర్వాత ఏ పంట వేసేవాళ్లో, ఎందుకు వేసేవాళ్లో వాళ్లుండగానే అడిగి తెలుసుకోండి.