అమ్మమ్మ కోటా

పిల్లల్ని కనండని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను 2024లో ఎత్తేశారు. 2025 మార్చిలో, మహిళా దినోత్సవం నాడు, ఎన్ని కాన్పులైనా సరే మహిళా ఉద్యోగులకు ప్రసూతి సెలవు ఇస్తామన్నారు ముఖ్యమంత్రి. విజయనగరం ఎంపీగారు ఇంకో అడుగు ముందుకేసి, మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. పాల సంగతి తేలిపోయింది. ఇక మిగిలింది ఎత్తుకునేవాళ్లెవరన్నదే.

ముందు కాన్పు చేసేవాళ్లెవరో చూద్దాం. సర్కారు పెద్దాసుపత్రిలో రాత్రి రెండింటికి లేబర్ రూములో నిలబడేది పీజీ చదివే డాక్టరమ్మ. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎంట్రన్సు కోసం ఏడాదో రెండేళ్లో, ఆపైన పీజీ మూడేళ్లు. అంటే దాదాపు ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా. మన ఇళ్లలో పెళ్లీ, తొలి కాన్పూ సరిగ్గా ఆ మధ్యే పడతాయి. ఊరందరి బిడ్డల్నీ అందుకునే ఆ చేతులకు ఇంటి దగ్గర సొంత బిడ్డ ఒకరుంటారు. ఆ బిడ్డ ఈ రాత్రి ఎవరి దగ్గరుందని అడిగి చూడండి. యూనిట్ చీఫ్ దగ్గర్నుంచి ఆఫీసు గుమస్తా దాకా ఒకటే జవాబు: "ఇంట్లో ఎవరో ఒకరు చూసుకుంటారు కదమ్మా!"

ఆ ఎవరో ఒకరు పామర్రు అవతలి పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన అమ్మమ్మ. బెజవాడ గుణదలలో రెండు గదుల అద్దె వాటా, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అరవై దాటిన మోకాళ్లు, చంకలో పదకొండు కిలోల మనవడు, కొంగుకు ముడేసిన బీపీ మాత్రలు. అక్కడ ఊళ్లో మినుము తీతకొచ్చింది, కూలీలకు అన్నం పెట్టే దిక్కులేదు, తాతయ్య హోటలు క్యారేజీ తిని పుల్లటి తేన్పులు తేన్చుతున్నాడు. ఆంధ్రదేశంలో వైద్యవిద్య ఈ ముసలామె నడుం మీద నిలబడి ఉంది. ఆమెకు స్టైపెండ్ లేదు, వారానికో సెలవు లేదు, ఏ తనిఖీ బృందమూ ఆమె హాజరు పట్టీ అడగదు. తనిఖీకి వచ్చినవాళ్లు మంచాలు లెక్కపెడతారు, ప్రొఫెసర్ల హాజరు చూస్తారు. అమ్మమ్మను లెక్కపెట్టే గడి ఆ ఫారంలో లేదు.

చట్టం లేదా అంటే, ఉంది. ఫ్యాక్టరీల్లో ఆడకూలీల బిడ్డలకు ఒక గది ఉండాలని 1948లోనే రాశారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే మాట ఉంది. బోధనాసుపత్రిలో ఒక్క ఓపీ బ్లాకులోనే 50 మంది తేలతారు. మరి పీజీ వెళ్లి ఆ గది ఏదని అడిగితే?

"నువ్వు ఉద్యోగివి కాదమ్మా, స్టూడెంటువి."

సరే, స్టూడెంటునేగా, నాలుగింటికి బ్యాగు సర్దుకుంటానందా, "పేషెంట్లను వదిలేసి పోతావా? నువ్వు డాక్టరువి!" పీజీలు పూర్తికాలం రెసిడెంట్లుగా పనిచేయాలని 2023 నాటి పీజీ వైద్యవిద్య నిబంధనలు చెబుతాయి, పనిగంటలు సబబుగా ఉండాలనీ అవే చెబుతాయి. మొదటి వాక్యాన్ని పాటించి పాటించి అలసిపోయి రెండో వాక్యం దగ్గరకు ఇంకా ఎవరూ చేరుకోలేదు. రెసిడెంట్లతో ఏకబిగిన 12 గంటలకు మించి పని చేయించకూడదని కేంద్రం 1992లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు పుట్టిన ఏడాది పుట్టిన పిల్ల ఈపాటికి పీజీ పూర్తిచేసి, ముప్పై ఆరు గంటల డ్యూటీలు మస్తుగా చేసి, తన కిందివాళ్లకు వేస్తూ కూడా ఉంటుంది.

పిల్లల వార్డుకు వెళ్లండి. ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవం. గోడకు బ్యానరు, దాని కింద తెల్లకోటు వేసుకున్న పీజీ. ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వాలి, మంచినీళ్లు కూడా వద్దు, బిడ్డ అడిగినప్పుడల్లా పట్టాలి అని ఉయ్యూరు నుంచి వచ్చిన బాలింతలకు ఓపిగ్గా చెబుతుంది. చెబుతుండగానే ఎక్కడో ఓ పసిగుడ్డు ఏడుస్తుంది, ఈమె కోటు ముందువైపు తడుస్తుంది. ఫైలు గుండెలకు అదుముకుని డ్యూటీ రూముకు పరుగు. ఆ తలుపుకు గడియ లేదు. తోటి పీజీ బయట వీపు ఆనించి కాపలా కాస్తే లోపల పంపుతో పాలు పిండి, సీసా మీద పేరు రాసి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన పెడుతుంది. సాయంత్రం భర్త ఐసు సంచి తెచ్చుకుని స్కూటీ మీద పట్టుకుపోతాడు. వారోత్సవం ఫొటోల్లో బ్యానరు చక్కగా పడింది. సీసా పడలేదు.

పెద్ద ప్రొఫెసర్లను కదిపితే మాత్రం ఒక ఉపన్యాసం గ్యారంటీ. "మా రోజుల్లో మేం ఇవన్నీ అడిగామా? రెండు రోజులు ఇంటి మొహం చూసేవాళ్లం కాదు, మా పిల్లలు పెరగలేదా?" పెరిగారు సార్, నిక్షేపంగా పెరిగారు. ఆ ఇంటి మొహం రోజూ చూస్తూ మీ శ్రీమతిగారు ఇంట్లో ఉన్నారు కాబట్టి పెరిగారు. మీ త్యాగానికి సన్మానం జరిగినప్పుడు ఆ శాలువా సగం చింపి ఆవిడకు ఇచ్చినట్టు గుర్తు లేదు.

పిల్లాడు కాస్త పెద్దయితే బడి మొదలు. మన బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. 2024 పీజీ ప్రవేశ పరీక్షేమో ఆగస్టు 11న పెట్టారు, కౌన్సెలింగ్ ఈడ్చుకుంటూ మరుసటి ఏడాదిలోకి వెళ్లింది. 2025లో పరీక్ష జూన్ నుంచి ఆగస్టు 3కు వాయిదా పడింది. శ్రీకాకుళంలో ఉంటూ బెజవాడలో సీటొచ్చిన తల్లి, చలికాలంలో ఎల్‌కేజీ సీటు కోసం గేటు గేటూ తిరిగితే, ఫీజు ఏడాది మొత్తానికీ కట్టమంటారు, చదువు మాత్రం మిగిలిన నాలుగు నెలలదే. ఎలాగో కుదురుకుందనుకునేలోపు జిల్లా ఆసుపత్రిలో మూడు నెలల రెసిడెన్సీ. డాక్టరుకు అక్కడ వసతి చూపాలని నిబంధన ఉంది. ఆమె చంకలోని వాడికి బడి ఎవరు చూపుతారో ఏ నిబంధనా చెప్పదు.

పిల్లల్ని చూసుకోవడం రాని ప్రభుత్వమా ఇది? రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీలు నడుపుతోంది. ఇక బెజవాడ సంగతి చెప్పేదేముంది, పిల్లల్ని రాత్రింబవళ్లు ఉంచుకోవడంలో దేశానికే పాఠం చెప్పిన ఊరు. ఆరోగ్య విశ్వవిద్యాలయం, శ్రీచైతన్య ఆడపిల్లల జూనియర్ కాలేజీ ఇక్కడ ఒకే ఏడాది, 1986లో పుట్టాయి. అప్పట్నుంచి రెండూ కలిసి దివ్యంగా పనిచేస్తున్నాయి. మెడికల్ సీటు కోసం పదిహేనేళ్ల పిల్లను తల్లి నుంచి విడదీసి హాస్టల్లో పెట్టాలి. ఆ పిల్లకే ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాక, పీజీ డిగ్రీ కోసం బిడ్డ నుంచి విడదీసి ఆసుపత్రిలో పెట్టాలి. ఆ బిడ్డ ఆరో తరగతికి వచ్చేసరికి క్యాంపస్ వ్యాను గుమ్మంలో ఉంటుంది. తల్లీబిడ్డలిద్దరూ ఒకే కప్పు కింద ఉండే ఏర్పాటు ఒక్కటే ఈ ఊళ్లో ఎవరికీ చేతకాదు. ఆ విశ్వవిద్యాలయానికి 2022లో పేరు మార్చారు, 2024లో పాత పేరు తిరిగి పెట్టారు. బోర్డులు, లెటర్‌హెడ్‌లు, రబ్బరు స్టాంపులు రెండుసార్లు కొత్తవయ్యాయి. ఆ రంగు డబ్బాల్లో అడుగు బొడుగు మిగిలినా, ఒక గదికి రెండు పూతలు వేసి నాలుగు ఉయ్యాలలు కట్టొచ్చు.

అది కుదరదంటారా, కనీసం ఉన్న పద్ధతినైనా కాగితం మీద పెట్టండి. వచ్చే కౌన్సెలింగ్ ప్రాస్పెక్టస్‌లో అమ్మమ్మ కోటా ప్రకటించండి. సర్టిఫికెట్ల పరిశీలనలో పదో తరగతి మార్కుల జాబితా, కులధ్రువీకరణ పత్రాలతో పాటు తహశీల్దారు సంతకంతో అమ్మమ్మ ధ్రువీకరణ పత్రం, ఆమె రెండు మోకాళ్ల ఎక్స్‌రేలు, తాతయ్య నిరభ్యంతర పత్రం జతచేయాలి. అమ్మమ్మ లేనివారు అత్తగారిని చూపవచ్చు, ఆ సందర్భంలో కోడలితో కనీసం మూడేళ్లు మాట్లాడతానని నోటరీ అఫిడవిట్ తప్పనిసరి. కోర్సు మధ్యలో అమ్మమ్మ మోకాళ్ల ఆపరేషన్‌కు వెళ్తే అభ్యర్థి కోర్సు అన్ని రోజులు పొడిగించబడుతుంది. ఆపరేషన్ మన ఆసుపత్రిలోనే చేయించుకుంటే, ఆ రాత్రి వార్డు డ్యూటీ మనవడి తల్లికే వేయబడును.