శనగ చేనుకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత?

చిత్త కార్తె వచ్చినా చినుకు లేదు. శనగ విత్తనం మూటల్లోనే ఉంది. అట్లాంటి రోజున కర్నూలు, కడపల నడుమ ఉన్న ఒక విశ్వవిద్యాలయం నన్ను సదస్సుకు పిలిచింది. పేరు చెప్పను, గ్రేడు వేసే న్యాక్ బృందం రావాల్సి ఉంది పాపం. ‘నవకల్పన, సుస్థిరాభివృద్ధి రంగాలలో పరిశోధనా సామర్థ్య నిర్మాణం’ అని బ్యానరు. అంత పొడుగు మాటకు వేదిక చాలక చివరి ‘ణం’ పక్క గోడ మీదికి మళ్లింది.

నా పక్క కుర్చీలో తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన. మెడలో ‘స్టేక్‌హోల్డర్’ అని ట్యాగు.

“మీరెట్లా వచ్చినారు పెద్దాయనా?”

“అటెండరు మా అల్లుడే సార్. కుర్చీలు నిండల్ల, రా మామా అన్నెడు. వస్తే మెడకు ఈ పలుపు కట్టినారు.”

ఐక్యరాజ్య సమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17. వేదిక మీద శాలువాలు కూడా ఇంచుమించు అన్నే. మొదటి వక్త యూనివర్సిటీ పరిశోధనలన్నిటినీ లక్ష్యాల వారీగా గళ్లలో సర్ది చూపించాడు. చరిత్ర శాఖవారి కోనేటి శాసనం ఆరో గడిలో, అంటే పరిశుభ్రమైన నీటి పద్దులో పడింది. ఆ కోనేట్లో నీళ్లున్నాయా అని ఎవరూ అడగలేదు.

టీ విరామంలో ఒక అధ్యాపకుడు దిగులుగా కనిపించాడు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ పరిశోధన పత్రికల కేర్ జాబితాను ఎత్తేసిందట. ఇక మీదట ఏ పత్రిక మంచిదో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. “చదివి తేల్చుకోమంటే ఎట్లా సార్?” అన్నాడు. నవ్వొచ్చింది కానీ ఆయన్ని అని లాభం లేదు. ఏళ్ల తరబడి నియామకాలు లేక, ముగ్గురి పాఠాలు ఒక్కడే చెప్పుకుంటూ, మధ్యలో న్యాక్ ఫైళ్లు మోసే మనిషి. దేశం తన స్థూల ఉత్పత్తిలో పరిశోధనకు పెట్టేదే 0.64 శాతం, అదీ 2020-21 లెక్క. ఢిల్లీలో తూము ఎత్తితే మన దాకా పారేది కర్నూలు-కడప (కేసీ) కాలువ చివరి ఆయకట్టుకు పారినంతే.

కేసీ కాలువ అంటే గుర్తొచ్చింది. మధ్యాహ్నం వక్త, “రాయలసీమకు స్టార్టప్ సంస్కృతి కొత్త” అన్నాడు. కొత్తేమీ కాదు నాయనా. లండన్‌లో వాటాలమ్మి, సర్కారుతో 5 శాతం వడ్డీకి హామీ రాయించుకుని, 1863లో ఈ కాలువ తవ్వకం మొదలుపెట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీని మించిన స్టార్టప్ ఏది? కాలువ పొడుగునా పడవలు తిరుగుతాయి, చేలన్నీ నీళ్లు కొంటాయి, లాభాలు పారతాయి అని లెక్క వేశారు. నల్లరేగడి రైతులు నీళ్లు పెద్దగా కొనలేదు. పంట మెట్టది, నేల తేమను పట్టుకునేది, మధ్యలో ఈ నీటితీరువా ఎందుకన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క ముందుగా ఎవరూ అడగలేదు. చివరికి 1882లో సర్కారే కంపెనీని కొనుక్కుంది. నష్టం వచ్చినప్పుడు జనం సొమ్ముతో గట్టెక్కడం కూడా ఇప్పటి పద్ధతే.

తర్వాత రైతు లెక్క అడిగినవాళ్లు లేకపోలేదు. నంద్యాలలో 1906 నాటి వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. మామూలు శనగ మొక్క నేలను కరుచుకుని పొదలా పెరుగుతుంది. యంత్రం దిగితే కత్తికి అందదు, కాబట్టి వంగి కోయాలి. కూలీలు దొరకరు, దొరికితే నడుములు దొరకవు. ఆ నంద్యాలవాళ్లు ఇక్రిశాట్‌తో కలిసి నిటారుగా, ఎత్తుగా పెరిగే రకం తీశారు. ఎన్‌బీఈజీ 47, పేరు ధీర. మొక్క కాస్త లేచి నిలబడింది, అంతే. కోత యంత్రం చేలోకి దిగింది. ఆ శనగ గింజ ఏ లక్ష్యం గడిలో పడుతుందో మొదటి వక్తను అడుగుదామనుకున్నా, ఆయన భోజనానికి పోయాడు.

సాయంత్రం స్టేక్‌హోల్డర్ల వంతు వచ్చింది. పెద్దాయనకు రెండు నిమిషాలు ఇచ్చారు.

“అందరూ బాగా చెప్పినారు,” అన్నాడు. “నాదొక మాట. శనగకు ఎండు తెగులొస్తాంది. మీరు ఒకసారి చేను కాడికి...”

సమయం అయిపోయిందని చీటీ వెళ్లింది. చేతిలో సర్టిఫికెట్టు పెట్టి ఫొటో తీశారు. కింద కూర్చోగానే ఇంకొక కాగితం: ‘ఈ సదస్సు వల్ల మీ సామర్థ్యం ఎంత పెరిగింది? 1 నుంచి 5 లోపు గుర్తించండి.’

ఆయన పెన్ను పట్టుకున్నాడు. అంతలో రేకుల మీద టపటపా మోగింది. కిటికీలోంచి మట్టి వాసన.

“పదునైతాది సార్,” అని లేచాడు పెద్దాయన. సర్టిఫికెట్టు మడిచి తలగుడ్డలో దోపి, మెడలో పలుపు తీసి కుర్చీకి తగిలించి, పరుగులాంటి నడకతో పోయాడు.

వెనకాలే కోఆర్డినేటరు కేకేశాడు, “ఒరే, వరండాలో వాననీటి సంరక్షణ పోస్టర్లు తడుస్తాన్నాయి, లోపల పెట్టండి!”