గళ్ళలో గజాలు

తగరపువలస నుంచి పూసపాటిరేగ దాకా హైవేకి రెండు పక్కలా ఇప్పుడు బాగా పండేది హోర్డింగులే. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రాయి పడిన ప్రతిసారీ గజం ధర లేచింది. బోర్డు మీద విమానం ఎగురుతుంటుంది, కింద ఓ సినిమా మొహం నవ్వుతుంటుంది, 'ఎయిర్‌పోర్టుకు 5 నిమిషాలు' అని రాసుంటుంది. ఏ బండి మీదో రాయరు. గజం ఎంత, సర్వే నంబరెంత, అనుమతి ఎవరిచ్చారు, ఇవీ రాయరు. అవి ఉండాల్సిన చోట తెలుపూ నలుపూ గళ్ళ చదరం ఒకటి. 'వివరాలకు స్కాన్ చేయండి.'

ఎలా చేస్తాం బాబూ? గంటకు 80 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. ఈ క్యూఆర్ కోడ్ ఎంత వెడల్పుంటే దానికి పది రెట్ల దూరం నుంచి ఫోను చదవగలదని ఆ పని తెలిసినవాళ్ళ లెక్క. రోడ్డుకు 30 మీటర్ల అవతలున్న బోర్డుకి 3 మీటర్ల కోడ్ కావాలి. మనవాళ్ళు పెట్టేది హీరోగారి చేతి గడియారమంత. పైగా కోడ్ చుట్టూ నాలుగు గళ్ళ మేర తెల్లగా వదిలేయాలి, లేకపోతే అది ఎక్కడ మొదలైందో ఫోనుకు అంతుపట్టదు. ఫ్లెక్సీలో ఖాళీ వదలడమా! శ్రీకాకుళంలో ఏ ఫ్లెక్సీ షాపు కుర్రాణ్ణయినా అడగండి. జానెడు ఖాళీ కనబడితే మండల నాయకుడు అందులో దిగిపోతాడు, ఆయన వెనకాలే ఆరు తలకాయలు. ఇక బండ్లు కాస్త నెమ్మదించేది నాతవలస టోల్‌గేటు దగ్గర. అక్కడా మనం జేబులోంచి ఫోను తీసేలోపు గేటే మన అద్దం మీది ఫాస్టాగ్‌ని చదివేసి డబ్బులు పట్టుకుపోతుంది.

పాపం ఈ చదరం ప్లాట్లు అమ్మడానికి పుట్టలేదు. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా అనే ఇంజనీరు కార్ల విడిభాగాల జాడ చూసుకోవడానికి తయారుచేశాడు. 'గో' ఆట బల్ల మీది నల్లకాయలూ తెల్లకాయలూ చూశాక ఆలోచన తట్టిందట. ఒక్క చదరంలో 7,089 అంకెలు పడతాయి. లేఅవుట్‌లోని సర్వే నంబర్లన్నీ, వాటి లింకు డాక్యుమెంట్ల నంబర్లన్నీ కుక్కినా ఇంకా చోటు మిగులుతుంది. గట్టి రకమైతే 30 శాతం దాకా పాడైనా చదివేస్తుంది. 2018లో వచ్చిన తిత్లీ లాంటి తుఫాను మళ్ళీ వచ్చినా కోడ్ బతుకుతుందేమో గానీ ప్లాటు సంగతి నేను హామీ ఇవ్వలేను. అంత పనిమంతురాల్ని తెచ్చి మనవాళ్ళు దాని నోట్లో పెట్టింది పది అంకెల వాట్సాప్ నంబరు.

రిక్షాకి మైకు కట్టి కరపత్రాలు విసిరే రోజుల్లో అబద్ధమైనా అచ్చులో ఉండేది. దాచుకుని, తర్వాత పట్టుకెళ్ళి మొహాన కొట్టొచ్చు. ఇప్పుడు స్కాన్ చేస్తే తెరుచుకునే పేజీని సాయంత్రానికల్లా మార్చేయొచ్చు, బోర్డు మీది గళ్ళు ఒక్కటీ కదలకుండానే.

పూసపాటిరేగ దగ్గర టీ బడ్డీలో ఓ పెద్దాయన, పేపరు మధ్యలోంచి జారిన రంగుల కాగితాన్ని పక్కనున్న కుర్రాడికి చూపించాడు.

"ఇదేట్రా మనవడా, గళ్ళ తువ్వాల్లాగుంది?"

"స్కాన్ కొడితే అన్నీ సెప్తాది తాతా."

కొట్టాడు. పేరడిగింది. ఫోను నంబరడిగింది. ఊరు, ఉద్యోగం, ఎంత పెట్టగలరు అని అడిగింది. అన్నీ నింపాక 'ధన్యవాదాలు, మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు' అంది.

"మరి మనకేటి సెప్పింది?"

"ఏటీ సెప్పలేదు తాతా. మనమే సెప్పాం."

గ్లాసు ఖాళీ కాకముందే ఫోను మోగింది. సైటు చూడ్డానికి కారు పంపుతామనీ, భోజనం తమదేననీ ఓ తియ్యటి గొంతు. పెద్దాయన ఫోను అందుకున్నాడు.

"అమ్మా, ఈ బొమ్మలో పార్కేసిన కాడ మా గెడ్డ ఉండీది. వానకాలం నీరు మరెటెల్తాది?"

మేనేజరుగారితో మాట్లాడిస్తామంది గొంతు. ఆ మేనేజరు ఇంకా లైన్లోకి రాలేదు. కుర్రాడి నంబరు మాత్రం బాగా తిరిగినట్టుంది. ఇప్పుడు విల్లాలవాళ్ళూ, పర్సనల్ లోన్లవాళ్ళూ కూడా పలకరిస్తున్నారు.

చట్టం లేక కాదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. ఇస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. రెరా వెబ్‌సైట్ చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ప్రకటనలో స్పష్టంగా కనబడాలి. మహారాష్ట్ర ఇంకో అడుగు ముందుకేసి, 2023 ఆగస్టు 1 నుంచి ప్రకటనల్లో క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. స్కాన్ చేస్తే ఆ ప్రాజెక్టు రెరా పేజీ తెరుచుకోవాలి. మా హైవేకి కోడ్ వచ్చింది గానీ, పేజీ మధ్యలో ఎక్కడో దిగిపోయింది.

2025 ఆగస్టులో మన రాష్ట్రంలో స్మార్ట్ రేషన్ కార్డులు పంచడం మొదలుపెట్టారు. వాటి మీదా ఇవే గళ్ళు. నెల బియ్యానికి వెళ్తే గళ్ళు గడగడా మన వివరాలన్నీ డీలరుకి అప్పజెప్పేస్తాయి. రెండొందల గజాలకి లక్షలు పోయబోయేవాడు 'సర్వే నంబరెంతమ్మా' అంటే మాత్రం అవే గళ్ళకి మూగనోము.