మా బాబుని ఆవకాయగా నమోదు చేసుకోవలసిందిగా మనవి

"ఇంట్లో పిల్లల్ని చూసుకోడానికి కూడా లైసెన్సంటే ఎలాగండీ? రేపు అమ్మమ్మలూ నానమ్మలూ దరఖాస్తులు పట్టుకుని క్యూలో నిలబడాలి" అని పిల్లల బాగోగులు చూసే శాఖ సారు ఒకాయన సెలవిచ్చారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. సారూ నవ్వారు. ఇళ్లలో నడిచే డేకేర్లకి అనుమతి కావాలా అక్కర్లేదా అన్న ప్రశ్న ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. సారెవరో పేరు చెప్పను.

ఆయనన్నదీ నిజమే కదా. పిల్లల్ని చూసుకోవడం ప్రేమతో చేసే పని. ప్రేమకి లైసెన్సేమిటి? ఒకటో తారీఖున ఫోన్‌పేలో డబ్బులు పడితేనే తలుపు తీసే ప్రేమైనా, అరగంట లేటైతే ఎక్స్‌ట్రా కట్టించుకునే ప్రేమైనా, ప్రేమ ప్రేమే. ఇక అమ్మమ్మల క్యూ అంటారా, అది ఎప్పట్నుంచో ఉంది. నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ ముందు. అక్కడి మనవల్ని చూసుకోడానికి అమ్మమ్మలు విమానం ఎక్కేస్తారు కాబట్టే ఇక్కడి మనవలు పక్క ఫ్లాట్లో ఆంటీ దగ్గర పెరుగుతున్నారు.

నాకొచ్చిన చిక్కల్లా ఆ పక్క ఫ్లాటుతోనే. మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో 202, 203 ఎదురెదురుగా ఉంటాయి. 202లో పిన్నిగారు ఆవకాయ, మాగాయ, గోంగూర పెట్టి అమ్ముతారు. 203లో ఆంటీ పిల్లల్ని చూసుకుంటారు. రెండూ ఇంట్లో చేసే పనులే. ఇద్దరూ డబ్బు తీసుకునే చేస్తారు. పిన్నిగారి సీసా మీద మాత్రం ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లిచ్చిన 14 అంకెల నంబరుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం వంటింట్లో పెట్టి అమ్మే పచ్చడికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో, ఏ రోజు పెట్టారో ప్రభుత్వానికి తెలియాలి. తెలియాల్సిందే, కడుపులోకి పోయే సరుకు మరి. 203 తలుపు మీద మిక్కీమౌస్ బొమ్మ ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

అంటే మన దగ్గర ఏదైనా చట్టం కంటికి ఆనాలంటే ముందది పచ్చడై ఉండాలన్నమాట. తెలిసొచ్చింది కాబట్టి నాదొక ప్రతిపాదన. 203లో ఉన్న పిల్లలందర్నీ పిన్నిగారి ఖాతాలో ఆవకాయగా రాయించేద్దాం.

దరఖాస్తు నింపడం చాలా సులువు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్కోస్ పోర్టల్ తెరవగానే మీ వ్యాపారం తయారీయా, నిల్వా, రవాణానా అని అడుగుతుంది. మనకోసమే రాసినట్టు లేదూ? తయారీ అమ్మానాన్నలది. అది వేరే చోట జరిగిపోయింది, ఆ వివరాలు మనకెందుకు? ఆంటీది నిల్వ. పొద్దున తొమ్మిదింటికి దించి సాయంత్రం ఆరున్నరకి ఎక్కించుకుపోయే ఆటో అతనిది రవాణా.

లేబుల్‌కీ పెద్ద ఇబ్బంది లేదు. ఒక బాబునే తీసుకోండి. తయారీ తేదీ బర్త్ సర్టిఫికెట్‌లో ఉంది. నికర బరువు తొమ్మిది కిలోల రెండొందల గ్రాములు. నిల్వలో ఉండగా బరువు పెరిగే సరుకు కాబట్టి తూనికలు కొలతల శాఖ వాళ్లు కాస్త తికమక పడొచ్చు, సర్దిచెబుదాం. పదార్థాలన్నీ ఎక్కువ బరువున్న దాంతో మొదలుపెట్టి వరసగా రాయాలని రూలు. రాద్దాం: ఉగ్గు, పాలు, అరటిపండు, చాక్‌పీసు, సోఫా కింద దొరికిన ఇంకేదో. పచ్చ చుక్క పెట్టాలా, గోధుమరంగు గుర్తు పెట్టాలా అన్నది మాత్రం నా చేతుల్లో లేదు. పిల్లాడికి గుడ్డు మొదలుపెట్టాలా వద్దా అన్న సంగతి ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య ఇంకా తేలలేదు.

'ఎప్పటిలోగా వాడాలి' అన్న గడి దగ్గర ఆగి చట్టాల పుస్తకాలు తిరగేయాల్సొచ్చింది. అమ్మకి ప్రసూతి సెలవు 26 వారాలు, 2017 సవరణ చలవ. అదీ పేరోల్ మీద పేరున్న కొలువైతే, మొదటి ఇద్దరు పిల్లలకైతే. మూడేళ్లు నిండిన పిల్లాడు ప్లేస్కూలుకి పోతాడు. ప్లేస్కూళ్లకి జాతీయ బాలల హక్కుల కమిషన్ రాసిన మార్గదర్శకాలున్నాయి, పాటిస్తారా లేదా తర్వాత సంగతి, కాగితమైతే ఉంది. ఆరేళ్లు నిండితే ఏకంగా విద్యాహక్కు చట్టమే వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. మరి ఆరో నెలకీ మూడో ఏటికీ మధ్య? అమ్మ ఆఫీసులో యాభైమంది ఉంటే అక్కడో దగ్గర్లోనో క్రెష్ ఉండాలి, ఆవిడ రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. నలభైతొమ్మిదిమందే ఉంటే దేవుడు చూసుకుంటాడు. ఫ్యాక్టరీల చట్టమైతే 1948లోనే, యాభైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్ల పిల్లలకో గది ఉండాలంది. ఆ గదిలో గాలీ వెలుతురూ ఉండాలని, పిల్లల్ని చూసే ఆవిడ శిక్షణ పొంది ఉండాలని కూడా రాసింది. యజమాని పెట్టే గది గురించి అప్పుడే అంత ఆలోచించారు. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికెళ్లే 203 గురించి ఎవరూ ఆలోచించలేదు.

అందుకని ఆ గడిలో ఇలా రాశాను: 'ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు. ఎండ తగలకుండా ఉంచవలెను. తడి చెయ్యి పెట్టరాదు.'

అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే స్పందన బ్రహ్మాండం. మావాడు నెమ్మదస్తుడు, మాగాయగా రాయించొచ్చా అని ఒకాయన అడిగాడు. మాది ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అని ఒకావిడ పెట్టింది, ఆవిడ భర్తకి వీసా వచ్చిందట. సెక్రటరీగారు మాత్రం, పచ్చళ్ల కింద రాయిస్తే కమర్షియల్ మెయింటెనెన్స్ కట్టాల్సొస్తుందని హెచ్చరించారు. పిల్లల కింద ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని ఆయన్నెవరూ అడగలేదు.

ఇక తనిఖీ. పచ్చడి నిల్వ కదా, ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వస్తాడు. రావాలి.

"ఏమ్మా, ఇదేంటి ఏడుస్తోంది?"

"కొత్తావకాయండీ, ఇంకా ఊరలేదు."

"తడిగా ఉందేంటి?"

"ఇప్పుడే తడిసిందండీ. మారుస్తున్నా."

"తడి తగిలితే బూజు పడుతుందమ్మా, చూసుకోవాలి. మొత్తం జాడీలెన్ని?"

"తొమ్మిదండీ."

"చూసేదెవరు?"

"నేనొక్కదాన్నే."

"తొమ్మిది జాడీలకి ఒక్క మనిషా?" అని ఆయన కలం జేబులోంచి తీస్తాడు. గోళ్లు చూపించమంటాడు. సరుకు ముట్టుకునేవాళ్లు ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించుకోవాలి, కాగితమేదీ అంటాడు. తాగే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి, పరీక్ష చేయించారా అంటాడు. పురుగుమందు సీసా ఎక్కడ పెట్టారు, సరుకుకి దూరంగా పెట్టాలి కదా అంటాడు. బాల్కనీ గ్రిల్ దగ్గరికెళ్లి ఊచల మధ్య చెయ్యి దూర్చి, ఇంత సందుంటే జాడీ దొర్లి కింద పడదా అంటాడు. అన్నీ రాసుకుంటాడు.

శాంపిల్ దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది. ఆహార భద్రత చట్టం 47వ సెక్షన్ ప్రకారం తీసిన నమూనాని నాలుగు భాగాలు చేసి సీలు వెయ్యాలి. ఆంటీ తెలివైనవారు. పడుకున్న జాడీ వేలిగోళ్లు నాలుగు కత్తిరించి నాలుగు కవర్లలో వేసి ఇచ్చారు. ఆ గోళ్లు ఎలాగూ తీయాల్సినవే, మెలకువగా ఉంటే తీయనివ్వడు.

ఆ ఆఫీసరు గ్రిల్ సందులో చెయ్యి పెట్టాడు చూశారా, అది ఏ పిల్లల శాఖా ఇంతవరకు పెట్టని చెయ్యి. గోళ్లు, నీళ్లు, మందు సీసా, ఎంతమందికి ఎందరు, పచ్చడి కోసం ఆయనడిగిన ప్రతి ప్రశ్నా పిల్లల కోసం అడగాల్సిందే. అడిగే అధికారం ఏ ఉద్యోగికీ ఇవ్వలేదు, ఇవ్వక్కర్లేదని సారు నవ్వుతూ చెప్పారు.

203 ఆంటీ మంచావిడే. పిల్లల గిన్నెల మీద పేర్లు చెక్కించి పెట్టుకున్నారు, ఒకరి గిన్నెలో ఇంకొకరికి పెట్టరు. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే తలుపు ఓరగా తీసి లోపల్నుంచే పాట పాడుతూ ఉంటారు, గొంతు వినపడకపోతే ఇద్దరు ముగ్గురు ఏడుపు అందుకుంటారని. ఆ పాట ఆగే లోపల హాల్లో ఎవరి గొంతులోనైనా వేరుశెనగ గింజ అడ్డం పడితే ఏం చెయ్యాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన పని తమదని అనుకున్నవాళ్లూ లేరు. ఆవిడ మంచావిడ కావడం ఆ పిల్లల అదృష్టం, అంతే. రేపు పై అంతస్తులో ఇంకొకరు మిక్కీమౌస్ అంటించుకుంటే వాళ్లెలాంటివాళ్లో తెలుసుకునే దారేదీ?

2016 నవంబరులో నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో పది నెలల పాపని డేకేర్ ఆయా కొట్టి విసిరేసింది. సీసీ కెమెరా ఉంది కాబట్టి లోకం చూసింది. 2025 ఆగస్టులో నోయిడాలో, అపార్ట్‌మెంట్ల ఆవరణలోనే ఉన్న డేకేర్‌లో పదిహేను నెలల పాప. తొడల మీద మచ్చలు చూసి తల్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అవి పంటిగాట్లని తేలింది. అక్కడా మిగతాది కెమెరాయే చెప్పింది. రెండుసార్లూ దేశమంతా భోరుమంది, రెండుసార్లూ అరెస్టులు జరిగాయి. చట్టం లేదని ఎవరన్నారు? జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ ఉంది, పిల్లల్ని అప్పగించిన చోట పనిచేసేవాళ్లే హింసిస్తే ఐదేళ్ల దాకా శిక్ష. దెబ్బ పడ్డాక పనికొస్తుంది. దెబ్బ పడకముందు ఆ గది గుమ్మం తొక్కే మనిషి కావాలి సారూ, అడుగుతున్నది అదీ.

అమ్మమ్మలకీ లైసెన్సా అంటూ వెటకారమాడారు. గీత ఎక్కడ గీయాలో తెలియక కాదు. ఇంగ్లండులో ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని తమ ఇంట్లో డబ్బు తీసుకుని రోజుకి రెండు గంటలకి మించి చూసుకునేవాళ్లు రిజిస్టర్ చేయించుకోవాలి. దగ్గరి బంధువులకి అక్కర్లేదు. అమ్మమ్మ బయట, ఆంటీ లోపల. రెండు వాక్యాల్లో అయిపోయింది. అక్కడికి వెళ్లిన మన తెలుగువాళ్లూ నోరు మెదపకుండా ఆ ఫారం నింపుతున్నారు.

లైసెన్సంటే ఇన్‌స్పెక్టరు, ఇన్‌స్పెక్టరంటే కవరు, నాకూ తెలుసు. పెద్ద ఫీజు, ఇన్ని చదరపు అడుగులు, ఫైర్ ఎన్‌ఓసీ అని మొదలుపెడితే ముందు మూతపడేది బస్తీలో పనిమనుషుల పిల్లల్ని చూసుకునే ముసలావిడ గది. ఆ పిల్లలు అప్పుడు ఏడేళ్ల అక్క చంకెక్కుతారు, అక్క బడి మానేస్తుంది. కాబట్టి అంత లావు లైసెన్సు ఎవరూ అడగడం లేదు. ఫీజు లేకుండా పేరు రాసుకోండి. పిల్లలు ఎందరో రాసుకోండి. ఒక మనిషికి ఎంతమంది దాటకూడదో చెప్పండి. గొంతులో గింజ పడితే ఏం చెయ్యాలో ఒక పూట కూర్చోబెట్టి నేర్పండి. చెప్పకుండా అప్పుడప్పుడు ఒకసారి తలుపు తట్టండి. పచ్చడికి చేస్తున్నదాంట్లో సగం.

మాటలు రాని పిల్లలు సారూ వీళ్లు. సాయంత్రం తల్లి ఒళ్లోకి తీసుకుని "ఏం తిన్నావురా కన్నా" అంటే వాడికొచ్చింది "బువ్వ" ఒక్కటే. కొట్టారనో, పొద్దున్నుంచి తడిగుడ్డలోనే ఉన్నాననో, మందు పోసి పడుకోబెట్టారనో చెప్పడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది. అప్పటికి వాడు మర్చిపోతాడు. వాడి బదులు అడగడానికే కదా మీకు ఒక శాఖ, ఒక కారు, దానికో డ్రైవరు ఇచ్చాం. ఈ ఊళ్లో అలాంటి ఇళ్లెన్నున్నాయో, వాటిలో ఈ మధ్యాహ్నం ఎంతమంది పిల్లలు పడుకుని ఉన్నారో మీ ఆఫీసులో ఏ రిజిస్టరులో ఉంది? తీసి చూపించండి.