చారలుండగానే సరా?

జీబ్రా గుర్రాలు, గాడిదల కుటుంబానికి చెందిన ఆఫ్రికా జంతువు. ఇందులో మైదాన జీబ్రా, కొండ జీబ్రా, గ్రెవీ జీబ్రా అని మూడు జాతులున్నాయి. ఖైరతాబాద్, పంజాగుట్ట, అమీర్‌పేటల్లో కనిపించేది నాలుగోది. దీనికి తలా తోకా ఉండవు, రోడ్డుకడ్డంగా పడుకుని ఉంటుంది. 1951లో బ్రిటన్‌లో చట్టబద్ధంగా పుట్టింది. మొదటి మూడూ మందగా పరిగెడతాయి. నాలుగోదాని మీద జనం పరిగెడతారు.

జీబ్రా ఒంటి మీద వెంట్రుకలు నలుపూ తెలుపూ అయినా, కింద చర్మం నల్లనిదే. అమీర్‌పేట జీబ్రాదీ అదే తీరు. గీకి చూడనక్కర్లేదు, నాలుగు వానలు పడితే తారు తానే బయటపడుతుంది.

ఈ చారలు ఎందుకన్న ప్రశ్నకు ఇప్పటికి దొరికిన గట్టి జవాబు ఈగ. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో మామూలు గుర్రాలకు చారల కోట్లు తొడిగి చూశారు. జోరీగలు దగ్గరిదాకా వచ్చాయి గానీ, చారల మీద వాలినవి తక్కువ. సమయానికి వేగం తగ్గించుకోలేక దూసుకుపోవడమో, ఒంటికి కొట్టుకుని ఎగిరిపోవడమో జరిగింది. పంజాగుట్ట చౌరస్తాలో వ్యవహారం తలకిందులు. ఎర్ర సిగ్నల్ పడగానే బైకు సరిగ్గా చారల మీదే వాలుతుంది. వెనక చక్రం ఆగాల్సిన గీత మీద, ముందు చక్రం రెండో చార మీద. ఆ పక్కనే ఆటో.

మైదాన జీబ్రాలది కుటుంబ జీవనం. ఒక మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు. నడిచేటప్పుడు పెద్ద ఆడ జీబ్రా దారి తీస్తుంది, మగది తరచు వెనక కాపలాగా వస్తుంది. నిమ్స్ ఆసుపత్రి దగ్గర రోడ్డు దాటే కుటుంబానిదీ ఇదే వరస. ముందు పెద్దావిడ, ఎక్స్‌రే కవరు డాలులా అడ్డం పెట్టి, రెండో అరచెయ్యి బస్సుకు చూపిస్తూ. వెనక ఆయన, టిఫిన్ క్యారియర్‌తో. మైత్రీవనం నుంచి బ్యాగు తగిలించుకుని ఒంటరిగా వచ్చిన కోచింగ్ కుర్రాడు మాట్లాడకుండా ఆ మందలో కలిసిపోతాడు. ఒంటరిగా చిక్కితే ఏమవుతుందో అడవిలో జీబ్రాకూ తెలుసు, ఇక్కడ కుర్రాడికీ తెలుసు.

జీబ్రా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు, వెనక కాళ్లతో తన్నితే సింహానికైనా దెబ్బ తప్పదు. పాదచారికి ఈ రెండూ లేవు. ఉన్నది ఎత్తిన అరచెయ్యి ఒక్కటే.

జీబ్రాల్లో క్వాగ్గా అని ఒకటి ఉండేది. దానికి ముందు సగానికే చారలు, వెనక అంతా గోధుమరంగు. ఆఖరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. సగం చెరిగిన మన జీబ్రాలకు అంత గతి పట్టనక్కర్లేదు. వాటిని బతికించడానికి డబ్బాడు తెల్లరంగు చాలు, వాటి మీద నడిచేవాళ్లను బతికించడానికి గీతకు ఇవతల ఆగే బండి కావాలి.