సైరన్ మోగేది ముప్పై ఏళ్లకు!

వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియమంటే అందరికీ దడ. నెత్తిమీది సిమెంటు రేకంటే మాత్రం ఎవరికీ లెక్కలేదు. ఆ రేకులో కలిపే రాతినారను (ఆస్బెస్టాస్‌ను) ఒకప్పుడు పక్కనే పులివెందుల బ్రాహ్మణపల్లెలో తవ్వారు. బాయిలర్లకూ, ఆవిరి గొట్టాలకూ వేడి దాటకుండా చుట్టేదీ ఈ సరుకే. చుట్టినవాడికి మాస్కేదయ్యా అంటే, తలగుడ్డ ఉందిగా!

నిప్పంటుకుంటే సులువు. గంట కొడతారు, పరిగెత్తుతారు, 108 వస్తుంది. రాతినార మహా మర్యాదస్తురాలు. ఊపిరితిత్తుల్లో చేరి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు గమ్మునుంటుంది, ఆ తర్వాతే జబ్బుగా బయటపడుతుంది. ఈలోగా కంపెనీ బోర్డు మారుతుంది, హాజరు పుస్తకం చెదల పాలవుతుంది. పాత మేస్త్రీ 'నువ్వెవరబ్బీ?' అంటాడు.

అందుకే సుప్రీంకోర్టు 1995లోనే రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన నాటినుంచి 40 ఏళ్లో, రిటైరయ్యాక 15 ఏళ్లో, ఏది ఆలస్యమైతే అంతదాకా దాచమంది. జబ్బు తేలితే లక్ష రూపాయలిమ్మంది. దాచాలంటే ముందు రాయాలి కదా!

రాతినార గనులకు కొత్త లీజులు ఆపేసి దశాబ్దాలైంది. దిగుమతికి మాత్రం తలుపులు బార్లా. స్వదేశీ దుమ్ము చేటు, విదేశీ దుమ్ము మేలు కాబోలు.

పాత షెడ్డు విప్పే కూలీకి జాగ్రత్తలు లేవా అంటే, ఉన్నాయి. రేకు తడిపి విప్పాలట, చీపురు పట్టకూడదట, దుమ్ముబట్టలు ఇంటికి తేకూడదట.

'తాగనీకే నీళ్లు లేవు సామీ, రేకుకు యాడ తెచ్చేది?'